ఏ గ్రూపు తీసుకుంటే ఏ తలుపు మూసుకుంటుంది?

పదో తరగతి ఫలితాలొచ్చిన వారం మా నెట్ సెంటర్లో ప్రింటరు చల్లారదు. రావులపాలెం అరటి మార్కెట్‌కి కూతవేటు దూరంలో మా కొట్టు. పొద్దున్నే గెలలు దింపేసి, చొక్కా మీద అరటి డాగులతోనే వచ్చిన రైతులు పిల్లల హాల్‌టికెట్ నంబరు రాసిన చీటీ జేబులోంచి తీసి ఇస్తారు. మెమో చేతికి రాగానే కాసేపు మురిసిపోతారు. ఆ వెంటనే అడిగేది ఒకటే మాట: "ఇంటర్లో ఏ గ్రూపులో వెయ్యమంటావు బాబూ?"

ఈసారి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చారు. నూజివీడు ట్రిపుల్ ఐటీకి అప్లికేషను పెట్టించాలని. అమ్మాయికి 600కి 541. లెక్కల్లో 82, సైన్సులో 93.

"వాళ్లమ్మేమో డాక్టరంటది. మా బావమరిది కంప్యూటరంటాడు. ఇదేమో ఏదైనా పర్లేదంటది. ముందు ఏదో ఒకట్లో పడేస్తే తర్వాత మార్చుకోవచ్చు కదండీ?"

"కొన్ని మార్చుకోవచ్చు బాబాయ్. కొన్ని మారవు. మారనివేంటో ముందు చూద్దాం, కూర్చోండి."

"ఆయ్," అని ప్లాస్టిక్ కుర్చీ లాక్కున్నారు. ఆ పూట వాళ్లకి చెప్పిందీ, పదిహేనేళ్లుగా ఈ కౌంటర్లో కూర్చుని అప్లికేషన్లు నింపుతూ నేను చూసిందీ కలిపి రాస్తున్నాను. నేను లెక్చరర్ని కాను. కానీ ఏ కోర్సుకి ఎవరు అర్హులో చెప్పే గడి దగ్గర పిల్లలు ఆగిపోవడం రోజూ చూసేది నేనే.

ఆ గడి దగ్గర ముందు ఆగింది కూడా నేనే. 2005లో పది పాసయ్యాను. లెక్కలంటే ఒళ్లు మండేది. పక్క బెంచీవాడు ఇంటర్లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) అన్నాడు, నేనూ సీఈసీ అన్నాను. ఆ తర్వాత బీకాం. డిగ్రీ మూడేళ్లూ సాయంత్రంపూట ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్లో కూర్చుని ప్రోగ్రాములు రాయడం మరిగాను. ఎంసీఏ చేద్దామని 2010లో ఐసెట్ రాస్తే ర్యాంకు బాగానే వచ్చింది. సర్టిఫికెట్ల పరిశీలనకి వెళ్తే, బల్ల అవతలాయన నా ఇంటర్ మెమో, డిగ్రీ మెమో పక్కపక్కన పెట్టుకుని పెన్ను కొసతో ఒక్కో సబ్జెక్టూ తాకుతూ కిందికి దిగారు. చివరిదాకా వెళ్లి, మళ్లీ మొదటికొచ్చి, ఇంకోసారి దిగారు. "మాథ్స్ ఎక్కడా లేదేంటి బాబూ? ఎంసీఏకి ఇంటర్లోనో డిగ్రీలోనో ఉండాలి కదా. ఎంబీఏ అయితే చూసుకో." ఆ మాట నోటిఫికేషన్లో ఉంది. చదవంది నేను. ఒళ్లు మండిన ఆ లెక్కలు అయిదేళ్ల తర్వాత అక్కడ దొరికాయి నాకు.

కాలవ లెక్క

మన డెల్టా వాళ్లకి ఇది చెప్పడం తేలిక. ధవళేశ్వరం దగ్గర కాలవలోకి వదిలిన నీరు లాకులు దాటుకుంటూ శివారు ఆయకట్టుకి పోతుంది. శివారు నీరు ఎగువకి ఎక్కదు. సబ్జెక్టుల్లో అలా ఎగువన ఉండేది లెక్కలు. ఎంపీసీ (మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ) చదివినవాడు డిగ్రీలో బీకాంకి పోతానంటే ఎవరూ ఆపరు. బీఏకి పోవచ్చు, లా చదవొచ్చు, సీఏ రాయొచ్చు, హోటల్ మేనేజ్‌మెంటూ చేయొచ్చు. సీఈసీ చదివినవాడు మాత్రం బీటెక్‌కి రాలేడు. బయాలజీది వేరే కాలవ. దాంట్లో దిగినవాళ్లకే వైద్యం, నర్సింగు, పశువైద్యం, వ్యవసాయం, చేపల చదువు. ఈ రెండూ పోతే మిగిలినవాటిలో చాలావరకు ఏ గ్రూపువాళ్లకైనా తెరిచే ఉంటాయి.

కాబట్టి "ఏ గ్రూపు మంచిది" అని అడిగితే తెగదు. ఈ సబ్జెక్టు వదిలేస్తే ఏది పోతుంది, పోయినదాన్ని మళ్లీ తెచ్చుకోవడానికి ఎన్నేళ్లు, ఎంత ఖర్చు అని అడగాలి. హిస్టరీ వదిలేసినవాడు డిగ్రీ అయ్యాక గ్రూప్ 2కి కూర్చుని హిస్టరీ చదువుకోగలడు. ఏటా చాలామంది చేసే పనే. ఇరవై రెండేళ్లప్పుడు ఇంటర్ లెక్కలు ఒంటరిగా నేర్చుకున్నవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఎంపీసీనా, బైపీసీనా

ఎక్కువ ఇళ్లల్లో అసలు తగువు ఇదే. రెండిట్లోనూ ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉంటాయి. తేడా అంతా మూడో సబ్జెక్టుదే: ఎంపీసీలో మాథ్స్, బైపీసీలో బయాలజీ.

ఎంపీసీ తీసుకుంటే ఇంజినీరింగు ఉంటుందని అందరికీ తెలుసు. జేఈఈ మెయిన్‌లో మంచి ర్యాంకొస్తే తాడేపల్లిగూడెం నిట్ ఇంటి పక్కనే, అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవి. మన రాష్ట్రం ఎంట్రన్సు ఈఏపీసెట్ రాస్తే కాకినాడ జేఎన్‌టీయూ నుంచి మన చుట్టుపక్కల కాలేజీల దాకా వరస ఉంది. ఇంజినీరింగు ర్యాంకులో ఇంటర్ మార్కులకి 25 శాతం వెయిటేజీ ఉంటుంది కాబట్టి, ఎంట్రన్సు ఒక్కటే చూసుకుని ఇంటర్ని గాలికొదిలేయకూడదు. ఇక జనం పెద్దగా తలుచుకోనివి చెప్తాను. ఆర్కిటెక్చర్‌కి లెక్కలు కావాలి. సైన్యంలో ఆఫీసర్ల శిక్షణకి తీసుకునే ఎన్‌డీఏలో ఆర్మీకి ఏ గ్రూపైనా సరిపోతుంది గానీ నేవీ, ఎయిర్‌ఫోర్సులకి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్ అడుగుతారు. మర్చంట్ నేవీలో బీఎస్సీ నాటికల్ సైన్సుకి కూడా అవే మూడు, వాటిలో 60 శాతం మార్కులు, ఇంగ్లీషులో 50 ఉండాలి. కాకినాడ రేవులో ఓడలు చూస్తూ పెరిగిన కుర్రాళ్లు దీని గురించి నన్ను అడుగుతుంటారు. వాళ్లందరికీ ఫీజు కట్టకముందే కళ్ల పరీక్ష చేయించుకోమంటాను. రంగుల తేడా పట్టలేని కన్నుంటే గ్రూపు ఏదైనా ఓడెక్కనివ్వరు.

ఫార్మసీ దగ్గర మాత్రం జనం పప్పులో కాలేస్తారు. బీఫార్మసీకి బైపీసీయే ఉండాలనుకుంటారు. మన రాష్ట్రంలో ఎంపీసీ వాళ్లూ అర్హులే. అంటే ఎంపీసీ పిల్లకి మందుల రంగం వైపు ఒక తలుపు తెరిచే ఉంటుంది. నర్సింగు డిగ్రీ, ఫిజియోథెరపీ లాంటివి మాత్రం బయాలజీ లేకపోతే రావు.

ఇటు బైపీసీ అనగానే ఇంట్లోవాళ్ల కళ్ల ముందు తెల్ల కోటు కదులుతుంది. మెడికల్ ఎంట్రన్సు నీట్ రాస్తారు, మొదటిసారి సీటు రాదు, లాంగ్ టర్మ్ కోచింగు అంటారు, రెండోసారీ రాదు. మా కౌంటరు దగ్గరికి మూడో ఏడు దరఖాస్తుకి వచ్చిన పిల్లల మొహాలు చూడాలి. వాళ్లతో వచ్చిన నాన్న ఫీజు డబ్బు ఇస్తూ ఇంకేం మాట్లాడరు. బైపీసీ తీసుకోవద్దని ఇదంతా చెప్పట్లేదు. డాక్టరు సీటు రాకపోతే బైపీసీతో ఇంకేం చేస్తారో చేరకముందే మాట్లాడుకోవాలి. చేయడానికి చాలానే ఉంది: బీఎస్సీ అగ్రికల్చర్, హార్టికల్చర్, పశువైద్యం, ఫిషరీస్, నర్సింగు, ఫిజియోథెరపీ, ల్యాబ్ టెక్నాలజీ, ఫార్మసీ. బీటెక్‌లో ఫుడ్ టెక్నాలజీ, బయోటెక్నాలజీ లాంటి ఒకటి రెండు శాఖలూ ఉన్నాయి. ఈ జాబితా చదివి వినిపిస్తే పిల్ల మొహం వెలిగిందా, బైపీసీ నిర్భయంగా తీసుకోవచ్చు. "ఎంబీబీఎస్ రాకపోతే ఇవన్నీ నాకొద్దు" అంటే, ఆ అమ్మాయి ఒకే ఒక్క తలుపు ముందు నిలబడిందన్నమాట.

పది మెమోలో సైన్సు మొత్తం ఒకే అంకెగా చూసి మోసపోవద్దు. అందులో ఫిజికల్ సైన్సు ఎంత, బయాలజీ ఎంత విడదీసి చూడండి. బొమ్మలు గీసి, పాఠం వల్లెవేసి బయాలజీలో దుమ్ము లేపిన పిల్లకి ఫిజిక్స్ పడకపోతే బైపీసీలో కూడా ఇబ్బందే. బైపీసీకి వెళ్తే లెక్కల బాధ ఉండదని ఎవరో చెప్తారు. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే తెలుస్తుంది, లెక్కలు అందులో దాక్కుని ఉన్నాయి.

రెండూ కావాలంటే

2025-26 నుంచి మన ఇంటర్ బోర్డు పద్ధతి మార్చింది. ఇంగ్లీషు తప్పనిసరి. రెండో సబ్జెక్టుగా భాష ఒక్కటే కాకుండా వేరే సబ్జెక్టు కూడా ఎంచుకునే వీలిచ్చింది. అలా ఎంబైపీసీ అనే మాట పుట్టింది: మాథ్స్, బయాలజీ, ఫిజిక్స్, కెమిస్ట్రీ అన్నీ ఒకే గూట్లో. మొదట్లో చెప్పిన ఆ బాబాయిగారి కూతురి లాంటి పిల్లలకి, అంటే రెండూ బాగా వచ్చి ఏదీ తేల్చుకోలేనివాళ్లకి, కాగితం మీద ఇంతకంటే మంచి దారి లేదు. ఇంజినీరింగూ ఉంటుంది, నీటూ ఉంటుంది. ఐసర్ లాంటి సైన్సు సంస్థల ప్రవేశ పరీక్షలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, మాథ్స్, బయాలజీ నాలుగింటి నుంచీ ప్రశ్నలొస్తాయి కాబట్టి, తిరుపతి ఐసర్‌కి వెళ్లాలనుకునే పిల్లకి ఇది అచ్చుగుద్దినట్టు సరిపోతుంది.

కాగితం పక్కనబెట్టి కాలేజీకి వెళ్లండి. టైంటేబుల్ చూపించమనండి. ఆ నాలుగో సబ్జెక్టుకి వారానికి ఎన్ని క్లాసులు, చెప్పే లెక్చరర్ ఉన్నారా, సాయంత్రం ఆరు దాటాక పెడతారా? ప్రిన్సిపాలుగారు "చూద్దామండీ" అంటే అక్కడ ఎంబైపీసీ లేనట్టే. రెండు పడవల మీద కాళ్లు పెట్టి గోదావరి దాటినవాడు లేడని పెద్దలు ఊరికే అనలేదు. నీట్, జేఈఈ రెండిటికీ గట్టిగా తయారవడం ఏ కొద్దిమందికో సాధ్యం. తలుపులు తెరిచి ఉంచడం కోసం తీసుకుంటే మంచిదే. రెండు తలుపుల్లోంచీ ఒకేసారి దూరాలని చూస్తే పిల్ల నలిగిపోతుంది.

ఎవరూ అడగని ఎంఈసీ

ఇంజినీరింగు, డాక్టరు రెండూ వద్దనుకున్న పిల్లని మన ఇళ్లల్లో నేరుగా సీఈసీలో వేస్తారు. మధ్యలో ఎంఈసీ ఒకటుంటుందని చాలామందికి తట్టదు. మాథ్స్, ఎకనామిక్స్, కామర్స్. ఫిజిక్స్, కెమిస్ట్రీ భరించలేని, లెక్కలు మాత్రం చేయగల పిల్లకి దీన్ని మించింది లేదు.

సీఏ ఉదాహరణ తీసుకోండి. సీఏ ఫౌండేషన్‌కి ఇంటర్ ఏ గ్రూపైనా సరిపోతుంది. కానీ అందులో ఒక పేపరు మొత్తం బిజినెస్ మాథ్స్, లాజికల్ రీజనింగ్, స్టాటిస్టిక్స్ మీదే నడుస్తుంది. సీఈసీ పిల్లలు అక్కడే జారతారు. ఢిల్లీ యూనివర్సిటీలో ఎకనామిక్స్ ఆనర్స్ చదవాలంటే లెక్కలు కావాలి. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో బీస్టాట్‌కి ఇంటర్లో మాథ్స్ ఉండాలి, ఫిజిక్స్ ఉందా లేదా అని అడగరు. కంప్యూటర్ డిగ్రీల్లో కొన్నింటికి మాథ్స్ అడుగుతారు, కొన్నింటికి అడగరు. ఎంఈసీ వాళ్లకి ఆ బెంగే లేదు. నాకు ఆ రోజు ఎవరైనా ఈ మూడక్షరాలు చెప్పుంటే ఎంసీఏ దగ్గర వెనుదిరిగేవాణ్ని కాదు. చిక్కొకటే, మన చుట్టుపక్కల ఎంఈసీ నడిపే కాలేజీలు తక్కువ. పక్క ఊరి బస్సు పాసు చేయించుకోవాల్సి వస్తే చేయించుకోండి.

సీఈసీ పనికిరాని గ్రూపేమీ కాదు. బీకాం, బీబీఏ, అయిదేళ్ల లా, సివిల్ సర్వీసులు అన్నీ దాన్నుంచి వెళ్లొచ్చు. లా ఎంట్రన్సు క్లాట్‌కి ఇంటర్ ఏ గ్రూపైనా ఒకటే, విశాఖలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ అందులో ర్యాంకుతోనే దొరుకుతుంది. కొట్లు, గిడ్డంగులు, మిల్లులు నడిపే ఇళ్ల పిల్లలకి కామర్స్ చేతికి అందొచ్చే చదువు. లెక్కలు నిజంగా రానివాళ్లు నిశ్చింతగా తీసుకోవచ్చు. లెక్కలంటే బద్ధకం ఉన్నవాళ్లతోనే నా గొడవ. హెచ్ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) గురించీ అంతే, సివిల్సో టీచరు ఉద్యోగమో రాజనీతి శాస్త్రమో గట్టిగా మనసులో ఉంటే బంగారంలాంటి గ్రూపు, మార్కులు తక్కువొచ్చాయని తోసేస్తే వృథా.

భాష గురించి ఒక ముక్క. మార్కులొస్తాయని ఇన్నాళ్లూ పిల్లలంతా సంస్కృతం వెనకపడ్డారు. రామశబ్దం అర్థం తెలియకుండా అప్పజెప్పి 98 తెచ్చుకున్నవాడు, మా కౌంటర్లో తెలుగులో ఒక అర్జీ రాయమంటే నా వైపు చూస్తాడు. గ్రూపు ఏదైనా, తప్పుల్లేకుండా ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లీషు రాయగలగడం ఎక్కడా మూసుకుపోని తలుపు.

ఇంటర్ కాకుండా

పాలిటెక్నిక్ మీద మన జనానికి చిన్నచూపుంది, ఎందుకో తెలీదు. దాని ఎంట్రన్సు పాలీసెట్ పది సిలబస్ మీదే, మూడేళ్ల డిప్లొమా. ఆ పైన ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరొచ్చు. వేళ్ల మీద లెక్కేయండి. ఇంటర్ రెండు, బీటెక్ నాలుగు, మొత్తం ఆరేళ్లు. డిప్లొమా మూడు, బీటెక్ మూడు, అవీ ఆరేళ్లే. తేడా ఏంటంటే డిప్లొమా వాడి చేతిలో మూడో ఏటే ఉద్యోగానికి పనికొచ్చే కాగితం ఉంటుంది. ఇంట్లో అప్పుంటే, నాన్న ఆరోగ్యం బాగోకపోతే ఆ కాగితం విలువ తెలుస్తుంది. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో సీటొస్తే ఆలోచించకుండా చేరమంటాను నేను. ఎదురు లెక్క కూడా చెప్పాలి. పదిహేనేళ్ల వయసులో సివిలా, మెకానికలా, ఎలక్ట్రికలా తేల్చేసుకున్నట్టవుతుంది. బయాలజీ వైపు తలుపు పూర్తిగా పడిపోతుంది. ఇంకా ఏమీ తేలని పిల్లకి పాలిటెక్నిక్ తొందరపాటే. చేత్తో పని చేయడం ఇష్టమైన, మోటారు విప్పి మళ్లీ బిగించే పిల్లాడికి ఇంటర్ రెండేళ్లూ జైలు.

ట్రిపుల్ ఐటీ, అంటే 2008లో మొదలైన ఆర్‌జీయూకేటీ, పది మార్కులతో ఆరేళ్ల చదువు ఒకేసారి ఇచ్చేస్తుంది. రెండేళ్లు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్లు బీటెక్. హాస్టలు అక్కడే, ఎంట్రన్సు కోచింగు పీడ లేదు. ఊరి బడిలో చదివి మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకి గొప్ప అవకాశం. అది ఇంజినీరింగు బడి అని మాత్రం మర్చిపోకూడదు. "అక్కడ వేసేసి తర్వాత డాక్టరు చూద్దాం" అన్నవాళ్లని చూశాను.

వొకేషనల్ ఇంటర్లో చేరేవాళ్లకి ఒకే మాట. పై చదువులకి వెళ్లాలనుకుంటే, మామూలు ఇంటర్‌తో సరితూగడానికి పెట్టే బ్రిడ్జి కోర్సు పేపర్లు రాయాలి. ఆ ఫీజు గడువు చేరిన రోజే అడిగి గోడ మీద రాసుకోండి.

ఇక్కడే బతకాలనుకుంటే

అందరూ హైదరాబాదో అమెరికానో పోరు. డెల్టాలో ఉండి ఇక్కడి పనితోనే పైకి రావాలనుకునే పిల్లలకి ఏది కావాలో కూడా చూడాలి.

రొయ్యల చెరువు గట్టు మీద ఒక్క పొద్దున నిలబడండి. కుర్రాడు సీసాలో నీరు పట్టి కిట్‌లో చుక్కలు వేసి రంగు మారేదాకా చూస్తాడు. అమ్మోనియా ఎంత, ఆల్కలినిటీ ఎంత, ఉప్పు ఎంత అని పుస్తకంలో రాస్తాడు. అది కెమిస్ట్రీ. హేచరీ నుంచి తెచ్చిన పిల్లకి తెల్లమచ్చ వైరస్ ఉందా అని ల్యాబులో పీసీఆర్ చేస్తారు. అది బయాలజీ. ఎకరాకి ఎన్ని పిల్లలు వదలాలి, మేత ఎన్ని కిలోలు, కిలో రొయ్యకి మేత ఖర్చెంత పడింది? అవి లెక్కలు. భీమవరం వైపు మేత కంపెనీలు, ల్యాబులు, ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఈ మూడింటికీ మనుషులు కావాలి. నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీకి బైపీసీ కావాలి. అంతదాకా ఆగలేనివాళ్లకి పది తర్వాతే ఫిషరీస్ డిప్లొమా ఉంది.

వ్యవసాయమూ అంతే. తరాలుగా మనం ఊడ్చిన స్వర్ణ వరి, ఎంటీయూ 7029, మన మార్టేరు పరిశోధన కేంద్రంలో పుట్టిందే, 1982లో విడుదలైంది. అలాంటి పని చేయాలంటే బైపీసీ, బీఎస్సీ అగ్రికల్చర్. రాజమహేంద్రవరంలోనే వ్యవసాయ కళాశాల ఉంది, కొబ్బరి, అరటి, మామిడి మీద మనసున్నవాళ్లకి తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. రైతు బిడ్డలకి విడిగా కోటా ఉంటుంది, భూమి కాగితాలు, ఊరి బడిలో చదివిన సర్టిఫికెట్లు ముందే సిద్ధం చేసుకోండి. కౌన్సెలింగ్ ముందురోజు రాత్రి తొమ్మిదింటికి వచ్చి అడంగల్ కావాలంటే నేనెక్కడ్నుంచి తేను? పైపెచ్చు కొత్త వంగడం పనికొస్తుందో లేదో తేల్చేది స్టాటిస్టిక్సే, కాబట్టి బైపీసీ పిల్ల కూడా పది లెక్కల పుస్తకం పాత పేపర్లవాడికి అమ్మేయకూడదు.

తప్పు గ్రూపులో పడ్డాక

ఇది చదివేసరికే సెకండియర్లో ఉన్నవాళ్లుంటారు. తలుపులన్నీ మూసుకుపోయాయని ఏడవక్కర్లేదు. కొన్నింటికి పక్క సందు ఉంది. ఎంపీసీ చదివి డాక్టరు కావాలనిపిస్తే, 2023 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ ఇచ్చిన వెసులుబాటు ప్రకారం ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసై నీట్ రాయొచ్చు. సార్వత్రిక విద్య ద్వారా, అంటే ఎన్ఐఓఎస్‌లో, ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకునే వీలుంది. ఐఐటీ మద్రాసు నడిపే డేటా సైన్సు బీఎస్ డిగ్రీకి ఇంటర్లో ఏ గ్రూపని అడగరు. పదిలో లెక్కలు, ఇంగ్లీషు చదివుంటే చాలు, వాళ్లు పెట్టే క్వాలిఫయర్ పరీక్ష దాటాలి. నాలాంటి సీఈసీ వాడికి 2010లో అలాంటిది ఉంటేనా! నర్సింగులో జీఎన్ఎం డిప్లొమా ఏ గ్రూపువాళ్లయినా చేయొచ్చు.

పక్క సందులో నడక ఎక్కువ. అదనంగా ఒక ఏడో రెండేళ్లో పోతాయి, చెప్పేవాళ్లుండరు, తోటివాళ్లు ముందుకెళ్లిపోతారు. ఉందని తెలిసుండాలి, దాన్ని నమ్ముకుని గ్రూపు ఎంచుకోకూడదు.

సీబీఎస్ఈ బడుల్లో చదివే పిల్లల తల్లిదండ్రులు పదో తరగతిలోనే ఒకటి చూసుకోవాలి. అక్కడ లెక్కలు స్టాండర్డ్, బేసిక్ అని రెండు రకాలు. మార్కులు సులువని బేసిక్ పెట్టించేస్తే పదకొండులో మాథ్స్ దగ్గర ఇబ్బంది పడతారు.

వారం రోజుల పరీక్ష

తెరిచి ఉన్న తలుపులు ఎన్నున్నా, లోపలికి పోవడానికి మార్కులు కావాలి. ఎంపీసీలో 45 శాతంతో బయటపడ్డ పిల్లాడికి కాగితం మీద అర్హత ఉంటుంది, సీటు ఉండదు. ఎంఈసీలో 90 తెచ్చుకున్నవాడికి తక్కువ తలుపులే అయినా అన్నీ నిజంగా తెరుచుకుంటాయి. అందుకే ఊరందరి సలహా కంటే ఇంట్లో ఒక వారం పరీక్ష పెట్టమంటాను. ఇంటర్ ఫస్టియర్ పుస్తకాలు పక్కింటి పిల్ల దగ్గర అడిగి తెచ్చుకోండి. లెక్కల్లో త్రికోణమితి, ఫిజిక్స్‌లో చలనం, బయాలజీలో కణం, కామర్స్‌లో మొదటి పాఠం. రోజుకి గంటన్నర, ఎవరూ చెప్పకుండా. తప్పులెన్నొచ్చాయో లెక్కపెట్టొద్దు. ఏ పుస్తకం దగ్గర లేచి నీళ్లు తాగడానికి వెళ్తోందో, ఏ పుస్తకం దగ్గర అన్నానికి పిలిచినా రావట్లేదో చూడండి.

బాబాయిగారికి ఈ మాటే చెప్పి పంపాను. ట్రిపుల్ ఐటీ అప్లికేషను ఎలాగూ పెట్టేశాం, వస్తే అప్పుడు చూసుకోవచ్చు. తొమ్మిదో రోజు సాయంత్రం ఇద్దరూ మళ్లీ వచ్చారు, జెరాక్సులకి. అమ్మాయి సంచీలోంచి పాత లెక్కల పుస్తకం తీసి కౌంటరు మీద పెట్టింది. అట్ట మీద ఎవరిదో పేరు కొట్టేసి ఉంది, లోపల త్రికోణమితి పేజీలు పెన్సిలు మసితో నల్లబడ్డాయి.

"ఎలా ఉందమ్మా?"

"కష్టంగానే ఉందన్నయ్యా. కానీ టైం తెలీలేదు."

"బయాలజీ?"

"బానే ఉంది. రెండ్రోజుల్లో చదివేశాను. మళ్లీ తెరవలేదు."

వాళ్ల నాన్న గొంతు సవరించుకున్నారు. "మరి మీ అమ్మకి డాక్టరని..."

"కొబ్బరిబోండాం కొడుతూ నువ్వు వేలు తెగ్గోసుకుంటే కళ్లు తిరిగి పడింది ఎవరు నాన్నా?"

ఆయన నవ్వలేదు గానీ ఎడమచేతి బొటనవేలు ఒకసారి చూసుకున్నారు. "ఆయ్, అదీ నిజమేలే," అన్నారు. కాసేపాగి, "ఎంపీసీలో ఫార్మసీ కూడా ఉంటదన్నావు కదా బాబూ, అది ఇంట్లో చెప్పుకోవచ్చా?"

"నిక్షేపంగా చెప్పుకోండి."

మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్, ఆదాయం సర్టిఫికెట్ మూడేసి కాపీలు తీసిచ్చాను. బస్సుకి టైమవుతోందని ఆ అమ్మాయి పుస్తకం తీసుకుని ముందు నడిచింది.